ఇల్లు చూసుకునే మనిషిని పెట్టుకోవచ్చా?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 39, బ్యాంకులో ఆఫీసరు. భర్త శ్రీసిటీలో ఒక కంపెనీలో ఇంజినీరు. తెల్లవారుజామున ఆరుకు కంపెనీ బస్సు ఎక్కితే ఇంటికి చేరేది రాత్రి ఏడున్నరకు. కూతురు తొమ్మిదో తరగతి, కొడుకు మూడో తరగతి. అత్తగారికి 71 ఏళ్లు. షుగరు, మోకాళ్ల నొప్పులు. బైరాగిపట్టెడలో సొంతిల్లు.

ఉత్తరంలో కొంత ఆమె మాటల్లోనే ఇస్తున్నాను: "పొద్దున అయిదుకు లేచి ముగ్గేసి పొయ్యి వెలిగించింది మొదలు బ్యాంకులో కుర్చీలో కూర్చునేదాకా పరుగే. కూర్చున్నాకా మనసు ఇంట్లోనే ఉంటుంది. లోన్ ఫైలు చూస్తుంటే మినప్పప్పు అయిపోయిందని గుర్తొస్తుంది. అత్తమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల్సిన తారీఖు దాటిపోయిందని గుర్తొస్తుంది. మొన్న గ్యాస్ అబ్బాయి ఫోన్ చేసి, 'తలుపు తీయలేదు మేడమ్, సిలిండర్ వెనక్కి తీసుకుపోతున్నా' అన్నాడు. సీట్లో కూర్చునే ఏడ్చేశాను. సిలిండర్ కోసం ఎవరైనా ఏడుస్తారా?"

ఆరేళ్లుగా ఒకామె వచ్చి బోకులు కడిగి, కసువు చిమ్మి, ఇల్లు తుడిచి వెళుతోంది. ఆమెకు నెలకు 3,000. పోయినేడాది ఒక ఏజెన్సీకి 12,000 కట్టి ఇంట్లోనే ఉండే అమ్మాయిని తెచ్చుకుంటే, పదకొండో రోజు చెప్పకుండా వెళ్లిపోయింది. డబ్బు తిరిగి రాలేదు. ఇప్పుడు తోటి ఉద్యోగిని ఒకరు ఇంకో ఆవిడ గురించి చెప్పారు. 46 ఏళ్లు, ఉంటున్నది కొర్లగుంటలో. లేడీస్ హాస్టల్లో ఎనిమిదేళ్లు వంట చూసుకున్నారు, తెలుగు చదవడం, లెక్క రాయడం వచ్చు. వంట, సరుకులు, పిల్లలు, పెద్దావిడ, అన్నీ చూసుకుంటానని, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఉంటానని, 16,000 ఇమ్మని అడిగారు.

భర్త, "అవసరమనుకుంటే పెట్టుకో, నీ జీతంలోంచి ఇచ్చుకో" అన్నారు. అత్తగారు, "వంటిల్లు పరాయిదాని చేతిలో పెడితే ఇంక నువ్వెందుకు?" అన్నారు. ఆ తర్వాత, "వాళ్లు ఏమిటోళ్లు?" అనీ అడిగారు. పాఠకురాలి జీతం చేతికొచ్చేది 72,000, భర్తది 78,000. వీటన్నిటి మీదా తిరుపతిలో ఇల్లున్నందుకు నెలకు రెండు మూడు సార్లు దర్శనానికొచ్చే చుట్టాలు. పెట్టుకోనా వద్దా, పెట్టుకుంటే నమ్మేదెట్లా, అత్తమ్మకు ఏం చెప్పాలి అని అడుగుతున్నారు. "నా ఇల్లు నేను చూసుకోలేకపోతున్నానంటే నాలో ఏదో లోపముంది కదా" అన్న మాటతో ఉత్తరం ముగించారు.

అమ్మా, ముందు ఆ సిలిండర్ సంగతి. మీరు సిగ్గుపడుతూ రాసిన ఆ వాక్యం దగ్గర ఆగి, ఉత్తరం మళ్లీ మొదటినుంచి చదివాను. ఆ ఫోన్ వచ్చే వేళకు మీ తలలో ఇంకేమేమున్నాయో మీరే రాశారు. మినప్పప్పు, కంటి డాక్టరు, అబ్బాయి ఫీజు కట్టాల్సిన చివరి రోజు, రాత్రి రెండింటికి రేణిగుంటలో రైలు దిగే చుట్టాలు. వాటి మీద సిలిండర్ వచ్చి పడింది. ఏడుపు రాకపోతే ఆశ్చర్యపోవాలి.

ఒక్క సంగతి అడుగుతాను. ఆ అబ్బాయి మీకే ఎందుకు ఫోన్ చేశాడు? కనెక్షన్‌కు ఇచ్చిన నంబరు మీది. సిలిండర్ తెచ్చినప్పుడు చెప్పాల్సిన కోడ్ కూడా మీ ఫోన్‌కే వస్తుంది. కరెంటు బిల్లు మెసేజ్ మీకే, స్కూలు వాట్సాప్ గ్రూపులో ఉన్నది మీరే, డాక్టరు చీటీ మీద రాసిన నంబరూ మీదే, దర్శనం టికెట్ల కోసం మేనత్త కొడుకు ఫోన్ చేసేదీ మీకే. రేపు బంగారంలాంటి మనిషి వంటింట్లోకి వచ్చినా సరే, ఈ నంబర్లు మారకపోతే గ్యాస్ అబ్బాయి మళ్లీ మీకే చేస్తాడు. ఆవిడ ఇంట్లో ఉండి తలుపు తీస్తుంది గానీ, కోడ్ చెప్పడానికి మీరు లోన్ ఫైలు పక్కన పెట్టాలి.

ఇంటిపని అనగానే మనకు బోకులూ బట్టలూ వంటా కనిపిస్తాయి. వాటి వెనక ఇంకో పని ఉంది. ఏది అయిపోతోందో కనిపెట్టడం, ఎవరికి ఎప్పుడు ఏం కావాలో ముందే ఆలోచించడం, చెప్పిన పని అయిందా లేదా అని మళ్లీ చూసుకోవడం. మనిషిని పెట్టుకున్నా ఈ పని తగ్గకపోగా కొన్నిసార్లు పెరుగుతుంది, ఎందుకంటే ఆ మనిషికి ఏం చెప్పాలో కూడా మనమే గుర్తుపెట్టుకోవాలి. ఏజెన్సీ అమ్మాయి ఉన్న పదకొండు రోజులూ "ఇంకా ఎక్కువ అలిసిపోయాను" అని మీరు రాసింది దీని గురించే. మీలో లోపం వెతకడం ఆపేయండి.

ఈ పని లెక్కలకు కూడా దొరకదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. పొద్దున నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా అరగంట అరగంటగా ఎవరేం చేశారో అడిగి రాసుకున్నారు. జీతం లేని ఇంటిపని మీద ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. అదీ ఆ రోజు ఆ పని చేసినవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే. 2024లో మళ్లీ అడిగారు. ఆడవాళ్ల లెక్క 289కి వచ్చింది, మగవాళ్లది 88కి. ఇటు పది నిమిషాలు తగ్గితే అటు తొమ్మిది తగ్గాయి, మధ్య దూరం మాత్రం అట్లాగే ఉంది. మీరు లోన్ ఫైలు ముందు కూర్చుని మినప్పప్పు గురించి ఆలోచించిన అరగంట ఈ లెక్కలో ఉద్యోగం కిందికే పోతుంది.

అందుకని మనిషిని పెట్టుకోవాలా అన్న ప్రశ్నకు ముందు ఒక వారం ఆగండి. పాత డైరీ ఒకటి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, ఇంటికి సంబంధించి మీ తలలోకి వచ్చిన ప్రతిదీ రాయండి. చేసినవే కాదు, గుర్తొచ్చినవీ రాయండి. ఆదివారం కూర్చుని, ఒక్కోదాని పక్కన మూడింటిలో ఒకటి వేయండి: పగలు ఇంట్లో మనిషి ఉంటే జరిగేది, చేతిలో ఫోనుంటే ఎక్కడినుంచైనా జరిగేది, మీరే చేయాలని మీకు ఉన్నది. ఆ మూడోది చాలా చిన్నదిగా ఉంటుందని నా అనుభవం. అమ్మాయితో రాత్రి అరగంట కూర్చోవడం మీ ఉత్తరంలో మూడుసార్లు వచ్చింది. అది ఎవరికీ ఇవ్వకండి.

రెండో రకం మీవారిది. ఇంట్లో లేనివాణ్ణి ఏం చేయగలను అని ఆయన అంటున్నారని రాశారు. వంట చేయాలంటే ఇంట్లో ఉండాలి, నిజమే. స్కూలు గ్రూపు చదవడానికి, ఫీజు కట్టడానికి, గ్యాస్ బుక్ చేయడానికి, అమ్మకు డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోవడానికి, చుట్టాల ఫోన్‌లకు బదులు చెప్పడానికి ఇంట్లో ఉండక్కర్లేదు. శ్రీసిటీకి పోనూ రానూ ఆయన ఒక్కో పూట గంటకు పైనే బస్సులో కూర్చుంటారు. "కాస్త సాయం చేయండి" అని అడగకండి. సాయం అంటే పని మీదే ఉండిపోతుంది, ఆయన అప్పుడప్పుడూ చేయి వేస్తారు. గ్యాస్ కనెక్షన్ నంబరు మార్చండి, స్కూలు గ్రూపులో ఆయన్ను చేర్పించి మీరు బయటికి రండి, అత్తగారి ఫైలు ఆయన చేతికివ్వండి. మొదటి నెలలో ఒక ఫీజు తేదీ తప్పిపోవచ్చు, వంద రూపాయలు ఫైను పడవచ్చు. అప్పుడు మీరు మధ్యలో దూరి సర్దితే బరువంతా మళ్లీ మీ మీదికే వస్తుంది. అది చూస్తూ ఊరుకోగలరా? మీకు అన్నిటికంటే కష్టమైన భాగం ఇదేనని నాకనిపిస్తోంది.

ఇంక "నీ జీతంలోంచి ఇచ్చుకో" అన్న మాట. ఆయన చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేననుకోను. కానీ ఆ మాటలో ఇల్లు మీది, ఆయన అందులో ఉంటున్నారంతే అన్న అర్థం దాగుంది. మీరూ ఆ లెక్కే పట్టుకుని, 72,000లో 16,000 పోతే ఏం మిగులుతుందని రాశారు. ఇద్దరి జీతమూ కలిపితే 1,50,000. అందులో 16,000 అంటే నూటికి పదకొండు రూపాయల లోపే. ఏడాదికి 1,92,000, పండక్కి ఒక నెల జీతం అదనంగా ఇస్తే 2,08,000. తక్కువ డబ్బు కాదు. ఇంటి లోను ఎంత కడుతున్నారో మీరు రాయలేదు కాబట్టి భరించగలరని నేను చెప్పలేను. కానీ లెక్క వేసేటప్పుడు రెండోవైపు కూడా చూడండి. రెండుసార్లు ప్రమోషన్ పరీక్షకు దరఖాస్తు పెట్టలేదని ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఆ రెండేళ్లకూ ఖరీదుంది. జీతంలోనూ ఉంది, రేపటి పింఛనులోనూ ఉంది. దాన్ని ఎవరూ "మీవారి జీతంలోంచి" తీయలేదు.

ఇప్పుడు ఆ హాస్టల్ ఆవిడ అడిగిన వేళలు చూద్దాం. పొద్దున ఎనిమిది నుంచి ఆరు దాకా. మీకు ఊపిరాడని వేళలు మీరే రాశారు: పొద్దున అయిదు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది. ఆవిడ వచ్చేసరికి మీ మొదటి యుద్ధం అయిపోతోంది, మీరు ఇంటికి చేరేసరికి ఆవిడ వెళ్లిపోయి ఉంటారు. మధ్యలో పది నుంచి పిల్లలొచ్చే నాలుగుంబావు దాకా ఇంట్లో అత్తగారొక్కరే. పది గంటల జీతమిచ్చి మీకు అక్కరైన రెండు పూటలూ ఖాళీగా వదులుకుంటారు. పదకొండు నుంచి ఏడు దాకా రాగలరేమో అడిగి చూడండి. అప్పుడు మధ్యాహ్నం రైతుబజారుకు పోయి రావచ్చు, ప్లంబర్ వచ్చినా సిలిండర్ వచ్చినా మనిషి ఉంటుంది, పిల్లలకు నాలుగున్నరకు ఏదో ఒకటి పెడతారు. రాత్రి వంట అవుతుంది, పొద్దుటికి కూరగాయలు తరిగి, ఇడ్లీ పిండి రుబ్బి పెట్టి వెళతారు. పొద్దున మీకు గంటకు పైగా మిగులుతుంది. కానీ ఏడుకు మీ ఇంట్లో ఉన్న మనిషి తన ఇంట్లో ఏడుకు ఉండదు. ఆవిడకూ రాత్రి వంట ఉంటుంది, ఎదురుచూసేవాళ్లుంటారు. కాదంటే బలవంతం చేయకండి. ఒప్పుకుంటే కొర్లగుంట దాకా ఆటో ఖర్చు మీరివ్వండి.

ఆవిడకు ఫోన్ చేసే ముందు మాట్లాడాల్సిన మనిషి ఇంకొకరున్నారు. ఆరేళ్లుగా మీ గడప తొక్కుతున్న ఆమె. ఉత్తరంలో ఆమెకు రెండు వాక్యాలే దక్కాయి. ఏ డబ్బాలో ఏముందో, పెద్దావిడకు ఏ కాఫీ పడుతుందో ఆమెకు తెలుసు. ఇంకో మూడిళ్లలో చేస్తోందన్నారు కదా, ఆ మూడూ మానుకుని మీ ఇంట్లోనే మధ్యాహ్నాలు ఉండే ఉద్దేశముందా అని అడగండి. ఉండొచ్చు, లేకపోవచ్చు. మూడిళ్లు వదిలి ఒక్క ఇంటినే నమ్ముకోవడం ఆమెకు భయంగా ఉండొచ్చు, మీరు రేపు ట్రాన్స్‌ఫరైతే ఆమె పరిస్థితేమిటి? వద్దంటే ఆమె పని, ఆమె 3,000 యథాతథంగా ఉంటాయని మీ నోటితోనే చెప్పండి. కొత్తగా వచ్చే ఆవిడ ద్వారా తెలిసిందంటే ఆ దెబ్బ మానదు. ఇద్దరూ ఉంటే ఒకరి మీద ఒకరిని అజమాయిషీకి పెట్టకండి. ఎవరి పని వారిది, ఇద్దరూ మీతోనే మాట్లాడాలి.

రోజంతా మనిషి వద్దనుకుంటే ఇంకో దారీ ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా వంటకూ పిల్లలకూ మాత్రం ఒకరిని పెట్టుకుని, సరుకులు నెలకొకసారి కొట్టునుంచి ఇంటికే తెప్పించుకుని, బట్టలు ఇస్త్రీకిచ్చి, వారానికి రెండు రాత్రులు కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకోవడం. ఖర్చు చాలా తగ్గుతుంది. కానీ ఇవన్నీ కలిపి నడిపే తల మీదే అవుతుంది, మీవారు నిజంగా తన భాగం తీసుకుంటేనే ఈ దారి సాగుతుంది. ఆయన తీసుకోకపోతే ఆర్నెల్లలో మీరు మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు. ఏజెన్సీ మాట ఇక ఎత్తను. ఇంకోసారి ఎవరికైనా ముందు డబ్బు కట్టాల్సి వస్తే, మనిషి ఎన్నాళ్లలోపు వెళ్లిపోతే ఇంకొకరిని పంపుతారో, ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి.

హాస్టల్ ఆవిడనే పెట్టుకుంటే, ఆవిడకు రోజూ పని చెప్పకండి. ఎనిమిదేళ్లు పదుల మందికి వండి లెక్క రాసిన మనిషికి "ఈ రోజు టమాటా పప్పు చేయండి" అని పొద్దున్నే చెప్పడం మీకూ బరువే, ఆవిడకూ చిన్నతనమే. రాత్రి భోజనమూ, దానికి కావలసిన సరుకులూ మొత్తం అప్పగించేయండి. వారానికి ఇంత అని ఒక డబ్బాలో పెట్టి, పక్కన లెక్కల పుస్తకం పెట్టండి. ఆదివారం ఒక్కసారి చూడండి. ఊరిబిండిలో మిరపకాయలు మీరు వేసినన్ని వేయకపోవచ్చు, బియ్యం మీరు తెచ్చే కొట్లో తేకపోవచ్చు. నెల రోజులు నోరు మెదపకండి. మీవారికి స్కూలు గ్రూపు ఇచ్చినట్టే, ఆవిడకు వంటిల్లు ఇవ్వాలి. అత్తగారి మాత్రలు డబ్బాలో రోజువారీగా సర్ది పెడితే వేళకు ఇవ్వగలరు. ఇన్సులిన్ మొదలైతే మాత్రం ఆ సూది బాధ్యత ఇంట్లోవాళ్లదే.

ఇచ్చిపుచ్చుకునే మాటలు మొదటి రోజే కాగితం మీద పెట్టుకోండి. ఇంటిపనివాళ్ల కోసం దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం లేదని 2025 జనవరిలో సుప్రీంకోర్టే గుర్తించి, కమిటీ వేసి పరిశీలించమని కేంద్రానికి చెప్పింది. ఇంటిపనివాళ్లకు వారానికి కనీసం 24 గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలని 2011 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం అంటుంది, దాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు. అంటే ఆవిడకు ఆదివారం సెలవు దొరకాలంటే మీ కాగితమే దిక్కు. వారానికొక సెలవు, జ్వరమొస్తే జీతం కోయకపోవడం, మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు సెలవులు, సంక్రాంతికి అదనపు జీతం, మాన్పించాలన్నా మానేయాలన్నా నెల ముందు చెప్పడం. ఇవి రాసి ఇద్దరూ సంతకం చేయండి, ఒక నకలు ఆవిడకివ్వండి. జీతం బ్యాంకు ఖాతాలో వేయండి. ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా), 436 రూపాయల జీవనజ్యోతి (జీవిత బీమా) గురించి మీరు రోజూ కౌంటర్లో పదిమందికి చెబుతూనే ఉంటారు. 46 ఏళ్లకు రెండూ దొరుకుతాయి. ఆ 456 మీరే కట్టండి. శ్రమయోగి మాన్‌ధన్ పింఛను, అటల్ పింఛను 40 ఏళ్లలోపు చేరినవాళ్లకే, ఆవిడకు ఆ దారి మూసుకుపోయింది. అందుకు బదులు పోస్టాఫీసులో ఆవిడ పేరున నెలకు 500 ఆర్‌డీ కడితే అయిదేళ్లకు అసలే 30,000 అవుతుంది. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ ఈ-శ్రమ్‌లో పేరు నమోదైందో లేదో కూడా కనుక్కోండి. ఆరేళ్లుగా వస్తున్న ఆమెకూ ఇవన్నీ చేయించండి. మాన్‌ధన్‌కు ఆమె వయసు సరిపోవచ్చు.

నమ్మేదెట్లా అని అడిగారు. హాస్టల్ వాళ్లతో మాట్లాడండి, ఆధార్ నకలు తీసుకోండి. వీధి తలుపు తాళం ఇచ్చి, బీరువా తాళం మీ దగ్గరే ఉంచుకోండి, అందులో తప్పేమీ లేదు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చిత్తూరులో ఉద్యోగం చేసే రోజుల్లో మా ఇంట్లో ఒకామె నాలుగేళ్లు పనిచేసింది. ఒకరోజు నా చెవి కమ్మ కనబడలేదు. దొంగవని నేను అనలేదు. "నువ్వేమైనా చూశావా?" అని రెండుసార్లు అడిగాను, అంతే. మూడోసారి అడగనీయకుండా ఆమె చీపురు గోడకు ఆనించి వెళ్లిపోయింది. కమ్మ దిండు గలీబులో దొరికింది. వాళ్లింటికి వెళ్లి చెప్పాను, క్షమించమన్నాను. ఆమె కాఫీ ఇచ్చింది, పనికి మాత్రం రాలేదు. విలువైన వస్తువులు కళ్లబడకుండా పెట్టుకోవడం మీ బాధ్యత. అది మీకంటే ఎక్కువగా ఆవిడను కాపాడుతుంది.

అత్తగారి దగ్గరికి వద్దాం. "ఇంక నువ్వెందుకు" అన్న ఆ ప్రశ్న, ఆమె తనను తాను వేసుకుంటున్నదని నాకనిపించింది. మోకాళ్లు సహకరించక వంటిల్లు వదిలిన మనిషి. ఇప్పుడు అందులోకి మూడో మనిషి వస్తే తనకు ఆ ఇంట్లో చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? ఈ సంగతి ఆమెతో మొదట మాట్లాడాల్సింది ఆమె కొడుకు. కోడలు చెబితే సోమరితనంలా వినిపించేది, కొడుకు చెబితే ఇంటి నిర్ణయంలా వినిపిస్తుంది. ఇది న్యాయం కాదు, కానీ మన ఇళ్లలో ఇట్లాగే ఉంది. దేవుడి గది, ఊరగాయలు, పండగ వంటలు అత్తగారి ఆధీనంలోనే ఉండనీయండి. ఎర్రకారం ఏ పాళ్లలో నూరాలో కొత్త ఆవిడకు ఆమెనే నేర్పమనండి. మధ్యాహ్నాలు ఇద్దరూ ఉంటారు. ఇన్నాళ్లూ పదినుంచి నాలుగుదాకా ఒక్కతే కూర్చున్న ఆమెకు మాట తోడు దొరుకుతుంది.

"ఏమిటోళ్లు" అన్న ప్రశ్నకు మాత్రం మెత్తగా జవాబు చెప్పలేను. కులం కనుక్కుని పెట్టుకునేటట్టయితే, లేదా పెట్టుకుని విడిగా గ్లాసూ కంచమూ పెట్టేటట్టయితే, ఆవిడను పిలవకండి. మీ పిల్లలకు అన్నం వండిపెట్టే చేతికి మీ ఇంటి గ్లాసు పనికిరాదంటే, మీ అమ్మాయి అది చూసి ఏం నేర్చుకుంటుంది? పెద్దావిడను మార్చలేకపోవచ్చు. ఆమె తన గ్లాసు తాను విడిగా పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి. కొత్త ఆవిడ మాత్రం మీరందరూ తాగే గ్లాసుతోనే తాగుతుంది, మీరందరూ కూర్చునే చోటే కూర్చుని తింటుంది. ఇంట్లో అడుగుపెట్టకముందే ఈ మాట మీవారూ మీరూ కలిసి అత్తగారికి చెప్పండి. దీనికి అత్తగారు ఒప్పుకోకపోతే నేను పైన చెప్పిన రెండో దారిలో కూడా వంటమనిషిని పెట్టకండి, కూరలు బయటినుంచి తెచ్చుకుని గడపండి.

చివరగా చుట్టాలు. మీరు దీన్ని పక్క సమస్యలా రాశారు గానీ, పనిమనుషులు తిరుపతి ఇళ్లలో నిలవకపోవడానికి పెద్ద కారణం ఇదేనని నేను చూశాను. అయిదుగురికని ఒప్పుకుని వచ్చిన మనిషి తెల్లారేసరికి పన్నెండుమందికి కాఫీలు పెట్టాలి, అర్ధరాత్రి దిగినవాళ్ల పక్కబట్టలు ఉతకాలి, కొండ మీదినుంచి గుండుతో దిగొచ్చిన పిల్లలందరికీ వేడి నీళ్లు కాచాలి. ఎండాకాలం సెలవుల్లో, బ్రహ్మోత్సవాల్లో, వైకుంఠ ఏకాదశికి ఇది నెలలో సగం రోజులు. కాబట్టి కాగితంలోనే రాయండి: ఇంట్లోవాళ్లు కాక ముగ్గురికి మించి భోజనానికి ఉంటే ఆ రోజుకు ఇంత అదనం. ఇంకో మాట కూడా మీవారితో కలిసి తేల్చుకోండి. మగ చుట్టాలు ఉన్నప్పుడు ఆవిడ ఇంట్లో ఒక్కతే ఉండాల్సిన పరిస్థితి రాకూడదు. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం ఇంటిపని చేసే మహిళకు మీ ఇల్లు పనిచేసే చోటే. ఎవరైనా చెడుగా ప్రవర్తిస్తే ఆవిడ జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఆ మాట ఆవిడకు ముందే చెప్పండి, మీరు ఎవరి పక్కన ఉంటారో ఆవిడకు తెలియాలి.

వచ్చే నెల రెండో వారంలో పెద్ద ఆడబిడ్డ వాళ్లింటి నుంచి పదకొండుమంది వస్తున్నారని, అప్పటికి మనిషి కుదిరితే బాగుండునని చివరి పేజీలో రాశారు. అప్పటికి కుదర్చకండి. అంతమంది మధ్య కొత్త మనిషి మొదటి వారం గడిస్తే రెండో వారం రాదు. బస్టాండు దగ్గర శ్రీనివాసం, మాధవం ఉన్నాయి, రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం ఉంది. అన్నీ దేవస్థానం వసతులే. గదులు దొరుకుతాయేమో ఈ వారమే చూసి, పెద్దవాళ్లిద్దరు మన ఇంట్లో, మిగతావాళ్లు అక్కడ, రాత్రి భోజనం అందరూ మన ఇంట్లోనే అని వాళ్లకు చెప్పాలి. ఆడబిడ్డ నొచ్చుకుంటారేమో. నొచ్చుకున్నా ఆమె తన తోడబుట్టినవాడి మాట మీద నొచ్చుకుంటారు గానీ మీ మీద కాదు, ఎందుకంటే ఆ ఫోన్ చేయాల్సింది మీరు కాదు. సాయంత్రం ఆయన బస్సు ఎక్కాక చేయమనండి.